పుండు మానినా పరీక్ష మానొద్దు

సంపాదకులకు నమస్కారాలు.

జననాంగం మీద పుండు పడి నొప్పి పెడుతుంటే హెర్పిస్, నొప్పి లేకపోతే సిఫిలిస్. ఈ ఒక్కముక్క సలహా పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ, ఫోన్లలో తిరిగే సందేశాల్లోనూ తరచూ కనిపిస్తోంది. గుర్తుపెట్టుకోవడం తేలిక. చాలామంది విషయంలో నిజం కూడా. మిగిలినవారి విషయంలో తప్పుతుంది. తప్పినప్పుడు నష్టపోయేది ఆ మనిషి ఒక్కడే కాదు, అతని భార్య, కొన్నిసార్లు ఆమె కడుపులోని బిడ్డ కూడా. సుఖవ్యాధుల క్లినిక్కుల్లో రోగులను చూసేవాళ్లం, ల్యాబుల్లో రక్తం పరీక్షించేవాళ్లం, కౌన్సెలర్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఈ రెండు జబ్బులనూ కంటిచూపుతో ఎంతవరకు వేరుచేయవచ్చో, ఎక్కడినుంచి రక్తపరీక్ష మీదే ఆధారపడాలో వివరంగా చెప్పడానికి మీ పేజీలో చోటివ్వండి.

ముందు పేర్ల సంగతి. సిఫిలిస్‌ను మన పెద్దలు సవాయి అనేవారు. మూత్రనాళం నుంచి చీము కారే గనేరియాను సెగ అనేవారు. అది వేరే జబ్బు, ఈ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. ఇక సర్పి అనే మాటతో పెద్ద చిక్కే ఉంది. నడుముకో ఛాతీకో ఒకవైపున పట్టీలా పాకే పొక్కులను జనం సర్పి అంటారు. అది చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిన వైరస్ మళ్లీ లేవడం వల్ల వచ్చేది, సుఖవ్యాధి కాదు. జననాంగ హెర్పిస్ తెచ్చేది అదే కుటుంబానికి చెందిన మరో వైరస్. దానిలో రెండు రకాలున్నాయి, హెచ్‌ఎస్‌వి-1, హెచ్‌ఎస్‌వి-2. జ్వరం తగలగానే మూతి పేలడం చాలామందికి అనుభవమే. ఆ పని ఎక్కువగా మొదటి రకానిది. నడుము కింది భాగంలో పదేపదే లేచేది ఎక్కువగా రెండోది. పేర్లు కలిసిపోయినందువల్ల జననాంగం మీది పొక్కులకు కూడా సర్పికి వేసినట్టే పసరు పూసి ఊరుకునేవారున్నారు.

సిఫిలిస్ వైరస్ కాదు, బ్యాక్టీరియా. పేరు ట్రెపొనెమా పాలిడం. మెలితిరిగిన దారప్పోగులా ఉంటుంది. 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ దీన్ని మొదట గుర్తించారు. మామూలు సూక్ష్మదర్శినిలో కనపడదు. చీకటి నేపథ్యం మీద వెలుగు పక్కనుంచి పడే ఏర్పాటున్న సూక్ష్మదర్శిని కావాలి. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఒకటి రెండు కావడానికి 30 గంటలకు పైగా పడుతుంది. చికిత్స ఎందుకలా ఉంటుందో అర్థం కావాలంటే ఈ అంకె గుర్తుంచుకోవాలి.

కలయిక జరిగిన 9 నుంచి 90 రోజుల మధ్య, సగటున మూడు వారాలకు, సిఫిలిస్ క్రిమి చొరబడిన చోటే చిన్న బుడిపె లేస్తుంది. కొద్ది రోజుల్లో పుండవుతుంది. సాధారణంగా ఒకటే పుండు, గుండ్రంగా, అంచులు తీర్చినట్టుగా ఉంటుంది. అడుగు శుభ్రంగా, ఎర్రమాంసం రంగులో కనిపిస్తుంది, చీము ఉండదు. వైద్యుడు చేతితొడుగు వేసుకుని రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే చర్మం కింద చొక్కా గుండీ ఉన్నట్టు గట్టిగా తగులుతుంది. గజ్జల్లో బిళ్లలు కడతాయి. అవీ గట్టిగానే ఉంటాయి, నొక్కినా నొప్పి ఉండదు. మగవారిలో ఈ పుండు పురుషాంగం మీద కనిపిస్తుంది కాబట్టి కనీసం కంట పడుతుంది. ఆడవారిలో గర్భాశయ ముఖద్వారం మీదో, యోని లోపలి గోడ మీదో పడితే ఆమెకు తెలిసే దారే లేదు. మలద్వారం దగ్గర పడితే మొలలనీ, చీలిక అనీ పొరబడతారు. పెదవి మీద, నాలుక మీద కూడా పడవచ్చు.

హెర్పిస్ అంత కాలం ఆగదు. మొదటిసారి సోకి లక్షణాలు చూపేవారిలో 2 నుంచి 12 రోజుల్లోనే బయటపడుతుంది. పుండు కనపడకముందే ఆ చోట చురుకు, జివజివ, మంట ఉంటాయి, కొందరికి పిరుదు నుంచి తొడ వరకు లాగుతుంది. తరువాత ఎర్రబడిన చర్మం మీద ఆవగింజంత నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి. అవి చిట్లి, లోతులేని చిన్నచిన్న పుండ్లుగా మారి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. బట్ట తగిలినా నొప్పే. మొదటిసారి వచ్చినప్పుడు జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి కూడా ఉండవచ్చు, రెండువైపులా గజ్జల్లో బిళ్లలు కట్టి నొక్కితే నొప్పిపెడతాయి. ఆడవారికి మూత్రం తగిలినచోటల్లా భగ్గుమంటుంది. ఆ మంటకు భయపడి మూత్రం బిగబట్టుకుని ఆసుపత్రికి వచ్చేవారుంటారు. అటువంటప్పుడు గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చునిగానీ, మగ్గుతో నీళ్లు పోసుకుంటూగానీ మూత్రం పోస్తే మంట బాగా తగ్గుతుంది. అప్పటికీ మూత్రం రాకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పుస్తకంలో బొమ్మ ఇంతవరకే. ఇక అసలు మోసం సంగతి.

ఈ రెండు పుండ్లూ మందు వేసినా వేయకపోయినా మానిపోతాయి. సిఫిలిస్ పుండు 3 నుంచి 6 వారాల్లో, హెర్పిస్ మొదటిసారి 2 నుంచి 4 వారాల్లో, మళ్లీ వచ్చినప్పుడు ఎక్కువగా వారం పది రోజుల్లో. ఆ లోగా ఏది పూసి ఉంటే పేరు దానికొస్తుంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు, పక్కింటివారు చెప్పిన పసరు, ఎవరో రాసిన అయిదు రోజుల యాంటీబయాటిక్, అన్నింటికీ ఒకే విజయం. హెర్పిస్ అయితే ఈ భ్రమ వల్ల ఎక్కువ నష్టం లేదు, ఎందుకంటే అది మళ్లీ లేచి తన ఉనికి తనే చెప్పుకుంటుంది. సిఫిలిస్ అలా చెప్పదు. పుండు మానేనాటికే క్రిమి రక్తంలోకి చేరి ఒళ్లంతా తిరుగుతూ ఉంటుంది.

పుండు పడిన కొన్ని వారాల నుంచి కొద్ది నెలల లోపు రెండో దశ వస్తుంది. ఒంటిమీద దురద లేని, రాగిరంగు మచ్చలు లేస్తాయి. అరిచేతుల్లో, అరికాళ్లలో కూడా మచ్చలు ఉన్నాయంటే ఏ వైద్యుడైనా సిఫిలిస్ గుర్తు తెచ్చుకోవాలి. జుట్టు పురుగు కొట్టినట్టు అక్కడక్కడ ఊడుతుంది. నోట్లో నొప్పి లేని తెల్ల పొరలు, మలద్వారం చుట్టూ తడిగా, చదునుగా ఉండే బుడిపెలు వస్తాయి. ఆ బుడిపెలు పులిపిరులనుకుని కాల్పించుకునేవారున్నారు, వాటినిండా క్రిమి కిక్కిరిసి ఉంటుంది. ఒంటి మచ్చలను వేడి చేసిందనీ, మందు పడలేదనీ అనుకుంటారు. ఇవన్నీ కూడా వాటంతట అవే మాయమవుతాయి. ఆ తరువాత ఏళ్ల తరబడి నివురుగప్పిన నిప్పులా రక్తపరీక్షలో తప్ప ఎక్కడా కనపడదు. దీన్నే గుప్తదశ అంటారు. చికిత్స పడని వారిలో దాదాపు మూడోవంతు మందికి పది, ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమో, మెదడో, ఎముకో దెబ్బతింటుంది. కళ్లు, చెవులు, నరాలకు మాత్రం అంతకాలం ఆగనక్కర్లేదు, మొదటి ఏడాదిలోనే చూపు మసకబారవచ్చు. సిఫిలిస్ ఉన్న మనిషికి కొత్తగా చూపు మందగించినా, చెవిలో హోరు మొదలైనా అది అత్యవసరం.

నొప్పి సూత్రం ఎక్కడ తప్పుతుందో చూద్దాం. సిఫిలిస్ పుండు మీద డెట్టాల్ నీళ్లు కలపకుండా పోసినా, సున్నం రాసినా, పైన వేరే క్రిములు చేరినా నొప్పి పెడుతుంది. మలద్వారం దగ్గరి పుండు మొదటినుంచీ నొప్పే. హెచ్‌ఐవి ఉన్నవారిలో సిఫిలిస్ పుండ్లు రెండు మూడు ఉండవచ్చు. హెర్పిస్ వైపు చూస్తే, చాలామందికి వైరస్ ఒంట్లో ఉన్న సంగతే తెలియదు. కొందరికి తిరిగి లేచినప్పుడు బ్లేడు గీసినంత చీలిక ఒకటే కనిపిస్తుంది, నొప్పికన్నా దురదే ఎక్కువ. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో హెర్పిస్ పుండు లోతుగా, పెద్దగా, నెలల తరబడి మానకుండా ఉండిపోతుంది. అన్నిటికీ మించి రెండూ ఒకే మనిషికి ఒకేసారి ఉండవచ్చు. నొప్పిపెట్టే పొక్కులు చూసి హెర్పిస్ అని సరిగ్గానే చెప్పిన వైద్యుడు, సిఫిలిస్ పరీక్ష రాయకపోతే సగం పనే చేసినట్టు. మేం చెప్పదలచుకున్నది ఇదే. జననాంగం మీద ఏ పుండు పడినా, అది చూడడానికి ఎలా ఉన్నా, సిఫిలిస్‌కూ హెచ్‌ఐవికీ రక్తపరీక్ష జరగాలి.

ఈ రెండూ కాని మూడోదాన్ని కూడా ఇక్కడ చెప్పకపోతే లోపమవుతుంది. కొన్ని మందులు పడనివారికి మాత్ర మింగిన ప్రతిసారీ సరిగ్గా అదే చోట, పురుషాంగం కొసన లేదా పెదవి మీద, మంటతో పొక్కిపోయి నల్లని మచ్చ మిగులుతుంది. సల్ఫా మందులు, నొప్పి మాత్రలు, విరేచనాలకు వాడే టినిడజోల్ వంటివి, ఫంగస్‌కు వాడే ఫ్లుకోనజోల్, ఇలా చాలా మందులతో వస్తుంది. మళ్లీ మళ్లీ అదే చోట రావడం వల్ల అచ్చం హెర్పిస్‌లా అనిపిస్తుంది. పుండు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు ఏ మాత్ర మింగారో రాసిపెట్టుకుంటే విషయం తేలిపోతుంది. ఏళ్లపాటు హెర్పిస్ మందు వాడి, చివరికి ఆపాల్సింది ఒక నొప్పి మాత్ర అని తేలేవారు మా క్లినిక్కుల్లో అరుదు కాదు.

పరీక్షల విషయానికొస్తే, సిఫిలిస్‌కు రెండు జాతుల రక్తపరీక్షలున్నాయి. వీడీఆర్‌ఎల్, ఆర్‌పీఆర్ ఒక జాతి. ఇవి క్రిమిని నేరుగా వెతకవు. జబ్బు వల్ల ఒంట్లో పుట్టే ఒక రకం ప్రతిదేహాలను (యాంటీబాడీలను) కొలుస్తాయి. గర్భంతో ఉన్నప్పుడు, మలేరియా, కుష్ఠు, లూపస్ వంటి జబ్బుల్లో కూడా ఇవి పాజిటివ్ కావచ్చు. అలాంటి తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువగా 1:8 కన్నా తక్కువ టైటర్‌లో (ఈ మాట సంగతి కింద చెబుతాం) ఉంటాయి. అలాగని తక్కువ టైటర్ చూసి సిఫిలిస్ లేదని కొట్టేయకూడదు. టీపీహెచ్‌ఏ రెండో జాతి, సిఫిలిస్ క్రిమికే ప్రత్యేకం. వేలిరక్తంతో పావుగంటలో చేసే ర్యాపిడ్ కార్డు పరీక్షలు కూడా ఎక్కువగా ఈ కోవకే చెందుతాయి. ఒకసారి సిఫిలిస్ వచ్చి, పూర్తిగా నయమైనా, టీపీహెచ్‌ఏ చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. గల్ఫ్ దేశాలకు వెళ్లేముందు చేసే వైద్యపరీక్షల్లో ఈ కారణంగా చిక్కుల్లో పడేవారున్నారు. చికిత్స తీసుకున్న చీటీ, అప్పటి టైటర్, తరువాతి టైటర్ కాగితాలను పాస్‌పోర్టులా భద్రపరచుకోమని వారికి మా సలహా.

టైటర్ అంటే ఏమిటో రోగికి చెప్పేవారు తక్కువ. రక్తంలోని సీరమ్‌ను సగానికి సగం పలచన చేస్తూ పోతే ఎన్నో మెట్టు వరకు పరీక్ష పలుకుతుందో అదే టైటర్. 1:2, 1:4, 1:8, 1:16, 1:32, ఇలా మెట్లు ఉంటాయి. రిపోర్టులో రియాక్టివ్ అనే ఒక్క మాట రాసిస్తే చికిత్స పనిచేసిందో లేదో తరువాత ఎవరూ చెప్పలేరు. టైటర్ రాయమని ల్యాబును అడగండి, అది రోగి హక్కు. చికిత్స తరువాత 3, 6, 12 నెలలకు మళ్లీ చేయించాలి. కనీసం రెండు మెట్లు, అంటే 1:32 ఉన్నది 1:8కి దిగాలి. 1:32 నుంచి 1:16కు వస్తే తగ్గినట్టు లెక్కకాదు, అది పరీక్షలో సహజంగా ఉండే తేడానే. వీడీఆర్‌ఎల్‌తో మొదలుపెడితే వీడీఆర్‌ఎల్‌తోనే, వీలైతే అదే ల్యాబులో కొనసాగించాలి. మొదటిసారి వీడీఆర్‌ఎల్, రెండోసారి ఆర్‌పీఆర్ చేసి రెండంకెలూ పోల్చడం పెద్ద పొరపాటు.

పుండు కొత్తగా పడినప్పుడు వీడీఆర్‌ఎల్ నెగటివ్ రావడం మామూలే. ప్రతిదేహాలు తయారు కావడానికి సమయం పడుతుంది. అందుకే పుండు లక్షణాలు సిఫిలిస్‌ను సూచిస్తుంటే నెగటివ్ రిపోర్టు చూసి ఇంటికి పంపకుండా, చికిత్స ఇచ్చి, రెండు నాలుగు వారాలకు ఒకసారి, మూడు నెలలకు మరోసారి పరీక్ష చేయాలి. ఇక దీనికి పూర్తి విరుద్ధమైన పొరపాటు రెండో దశలో జరుగుతుంది. ఒళ్లంతా మచ్చలున్న మనిషి రక్తంలో ప్రతిదేహాలు మరీ ఎక్కువై, పలచన చేయని సీరమ్‌లో పరీక్ష పలకదు. నెగటివ్ అని రిపోర్టు వస్తుంది. మచ్చలు చూసి అనుమానం ఉన్న వైద్యుడు ఆ సంగతి చీటీ మీద రాస్తే, టెక్నీషియన్ సీరమ్‌ను పలచన చేసి మళ్లీ చూస్తాడు. అప్పుడు 1:64, 1:128 బయటపడతాయి. చీటీ మీద ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల తప్పిపోయే జబ్బు ఇది.

హెర్పిస్‌కు సరైన పరీక్ష రక్తంలో లేదు, పుండులో ఉంది. కొత్త పొక్కు నీటినో, తాజా పుండు అడుగునో స్వాబ్‌తో తుడిచి పీసీఆర్ చేస్తే వైరస్ ఉందో లేదో, ఏ రకమో తెలుస్తుంది. పొక్కు ఎండి పెచ్చు కట్టాక స్వాబ్ తీస్తే ఫలితం నమ్మదగింది కాదు. చిన్న ఊళ్లలో పుండు అడుగు గీకి, స్లైడు మీద రంగు వేసి చూసే ట్జాంక్ పరీక్ష చేస్తారు. కనబడితే ఉపయోగమే, కనపడకపోతే హెర్పిస్ లేదని కాదు. హెర్పిస్ ఐజీఎం అనే రక్తపరీక్షను మాత్రం దయచేసి చేయించకండి. కొత్తగా సోకిందా పాతదా అనేది అది చెప్పలేదు, సర్పి వైరస్‌కు కూడా పలుకుతుంది. ఐజీజీ అనే మరో రక్తపరీక్ష పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. మొదటి రకం అయితే చిన్నప్పుడు ముద్దు పెట్టిన నాయనమ్మ దగ్గర్నుంచే వచ్చి ఉండవచ్చు. గర్భిణులకు టార్చ్ అనే పరీక్షల కట్టలో భాగంగా ఈ పరీక్ష చేసి, హెర్పిస్ పాజిటివ్ అని రాసిస్తున్నారు. ఆ కాగితం ఇంట్లో రేపే గొడవ అంతా ఇంతా కాదు. పుండు లేని మనిషిలో ఆ అంకెకు అంత బరువు లేదు.

ఇంట్లో గొడవల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. హెర్పిస్ మొదటిసారి కంటపడటానికీ, సోకడానికీ మధ్య నెలలు, ఏళ్లు కూడా ఉండవచ్చు. పుండు ఈ నెలలో కనపడింది కాబట్టి తప్పు ఈ నెలలోనే జరిగిందని ఎవరూ తేల్చలేరు. పుండు లేని రోజుల్లో కూడా చర్మం నుంచి వైరస్ రాలుతుంటుంది కనుక, ఇచ్చినవారికి తాము ఇస్తున్నట్టు తెలియకపోవచ్చు. భార్యాభర్తల మధ్య తీర్పు చెప్పడానికి ఈ జబ్బు పనికిరాదు.

చికిత్సలో ఈ రెంటి దారులు ఎక్కడా కలవవు. సిఫిలిస్‌కు బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, కండలోకి. మొదటి దశ, రెండో దశ, ఏడాది లోపు సోకినదని రుజువున్న గుప్తదశ అయితే ఒక్కసారి చాలు. ఏడాది దాటినా, ఎప్పుడు సోకిందో తెలియకపోయినా వారానికొకటి చొప్పున మూడుసార్లు. మందు చిక్కగా ఉంటుంది కాబట్టి 12 లక్షల చొప్పున రెండు పిరుదుల్లోకి పంచి ఇస్తారు. ఆ చోట రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. ఇది ఎట్టి పరిస్థితిలోనూ రక్తనాళంలోకి పోకూడదు, అందుకే సూది గుచ్చాక వెనక్కి లాగి చూస్తారు. పెన్సిలిన్ పడదా అని ముందే అడగాలి, పరీక్ష డోసు ఇవ్వాలి, అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంజెక్షన్ తరువాత అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. అదే రోజు రాత్రి జ్వరం, వణుకు, తలనొప్పి రావచ్చు, మచ్చలు ఎర్రబడవచ్చు. అది మందు పడకపోవడం కాదు, క్రిములు ఒక్కుమ్మడిగా చనిపోవడం వల్ల వచ్చేది. పారాసెటమాల్‌తో 24 గంటల్లో సర్దుకుంటుంది. ఇది ముందే చెప్పకపోవడం వల్ల, పెన్సిలిన్ పడదని తమ మీద తామే ముద్ర వేసుకుని తరువాతి డోసులకు రానివారుంటారు. గర్భిణులు మాత్రం జ్వరంతో పాటు నొప్పులు మొదలైనా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే రావాలి.

పెన్సిలిన్ పేరు ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మామూలు పెన్సిలిన్ కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోతుంది. ఈ క్రిమి 30 గంటలకు పైగా తీసుకుని ఒక్కసారి చీలుతుంది, చీలేటప్పుడే మందుకు దొరుకుతుంది. కాబట్టి రెండు మూడు వారాలపాటు రక్తంలో నిలిచి ఉండే బెంజథిన్ రూపమే కావాలి. గుండె కవాటాల జబ్బుకు మూడు వారాలకోసారి ఇచ్చే 12 లక్షల ఇంజెక్షన్ కూడా ఇదే మందు, డోసు సగం. ఆ అలవాటుతో 12 లక్షలు ఇచ్చి పంపేస్తే సిఫిలిస్ చికిత్స సగమే అయినట్టు. పెన్సిలిన్ నిజంగా పడనివారికి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 14 నుంచి 15 రోజులు. ఆలస్యమైన దశకు 28 నుంచి 30 రోజులు. నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతులో పుండు పడుతుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు సారథిగా ఉన్న లెడర్లీ సంస్థలో 1940లలో వెలికివచ్చిన ఆరియోమైసిన్ కుటుంబానికి చెందిన మందే ఇది. అజిత్రోమైసిన్ ఒక్క మాత్రతో సిఫిలిస్ నయం చేయాలని చూడకూడదు, ఆ మందుకు లొంగని క్రిములు చాలా దేశాల్లో వ్యాపించాయి.

హెర్పిస్‌కు పెన్సిలిన్ ఎంత ఇచ్చినా లాభం లేదు. అసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, మొదటిసారి అయితే 7 నుంచి 10 రోజులు, మళ్లీ లేచినప్పుడు 5 రోజులు. పొక్కు లేచిన మొదటిరోజునే, ఇంకా మంచిది చురుకు మొదలైన గంటల్లోనే, మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. అందుకే పదేపదే వచ్చేవారి దగ్గర మాత్రలు ముందే ఉంచుకోమంటాం. ఏడాదికి ఆరుసార్లకు మించి వస్తుంటే వైద్యుని సలహాతో రోజూ 400 మిల్లీగ్రాములు రెండుపూటలా నెలల తరబడి వాడవచ్చు. వైరస్ వెన్ను దిగువన నరాల ముడుల్లో దాక్కుంటుంది, దాన్ని అక్కడినుంచి తొలగించే మందు ఇప్పటికీ లేదు. అసైక్లోవిర్ ట్యూబు పూయడం వల్ల ఉపయోగం బహు తక్కువ. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపి అమ్మే ట్యూబులు ఈ పుండ్ల మీద అసలు పూయకూడదు. స్టెరాయిడ్ పుండును పెంచుతుంది, రూపం మార్చేస్తుంది, వైద్యుడికి కూడా గుర్తుపట్టరాకుండా చేస్తుంది. ఆసుపత్రికి వెళ్లేదాకా అర లీటరు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా ఉప్పు వేసి కడుక్కుని, మెత్తని బట్టతో అద్దుకుంటే చాలు.

గర్భిణుల విషయంలో తొందర ఎక్కువ. సిఫిలిస్ మాయ గుండా బిడ్డకు చేరుతుంది. గర్భస్రావం, కడుపులోనే బిడ్డ చనిపోవడం, పుట్టిన బిడ్డకు ఎముకలు, కాలేయం, కళ్లు దెబ్బతినడం, అన్నీ జరుగుతాయి. మొదటిసారి ఆసుపత్రికి వచ్చిననాడే వీడీఆర్‌ఎల్ లేదా ర్యాపిడ్ పరీక్ష జరగాలి. పెన్సిలిన్ ఒక్కటే ఇక్కడ నమ్మదగిన మందు. డాక్సీసైక్లిన్ గర్భిణులకు ఇవ్వరు, అజిత్రోమైసిన్ బిడ్డను కాపాడదు. పెన్సిలిన్ పడదని తేలితే పెద్దాసుపత్రిలో మెల్లమెల్లగా అలవాటు చేసి అదే ఇస్తారు. కాన్పుకు కనీసం 30 రోజుల ముందే చికిత్స మొదలై, దశకు తగ్గ డోసులన్నీ పడితేనే బిడ్డకు సరిపడా రక్షణ అందినట్టు లెక్క. భర్తకు చికిత్స చేయకుండా ఆమెకొక్కదానికే చేస్తే మళ్లీ సోకుతుంది. హెర్పిస్‌లో భయం వేరేచోట ఉంది. పాతగా ఉన్న హెర్పిస్ వల్ల బిడ్డకు ప్రమాదం చాలా తక్కువ. గర్భం చివరి నెలల్లో మొట్టమొదటిసారి సోకితే ప్రమాదం ఎక్కువ. నొప్పులు వచ్చే సమయానికి పుండు ఉంటే సిజేరియన్ చేస్తారు. కాబట్టి గతంలో ఎప్పుడైనా హెర్పిస్ వచ్చి ఉంటే ఆ సంగతి కాన్పు చేసే డాక్టరుకు ముందే చెప్పాలి.

సిఫిలిస్ తొలిదశలో ఉన్నవారితో గత 90 రోజుల్లో కలిసినవారికి, పరీక్ష నెగటివ్ వచ్చినా, ఒక డోసు ఇవ్వడం పద్ధతి. రెండో దశ అయితే గత ఆరు నెలలకు పైబడిన కాలంలో కలిసిన భాగస్వాములందరినీ పిలిపించి పరీక్షించాలి. ఇంజెక్షన్ తీసుకున్నాక కనీసం ఏడు రోజులు, పుండు పూర్తిగా మానేదాకా కలయిక వద్దు. కండోమ్ రెండింటి నుంచీ చాలా కాపాడుతుంది, పూర్తిగా కాదు, అది కప్పని చర్మం మీద కూడా పుండు ఉండవచ్చు కదా. పుండు ఉన్న చర్మం హెచ్‌ఐవికి తెరిచిన తలుపు, అందుకే ఆ పరీక్ష కూడా మూడు నెలలకు మళ్లీ చేయించమంటాం.

ఇదంతా ఖరీదైన వ్యవహారం కాదు. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌ల పేరుతో సుఖవ్యాధుల విభాగాలున్నాయి. పరీక్ష, మందు ఉచితం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రంగులతో రూపొందించిన మందుల కిట్లలో హెర్పిస్ కాని పుండుకు తెల్ల కిట్, పెన్సిలిన్ పడనివారికి నీలం కిట్, హెర్పిస్‌కు ఎర్ర కిట్. వెళ్లేటప్పుడు పుండు మొదట కనిపించిన తేదీ, చివరి కలయిక తేదీ, పొక్కులుగా మొదలైందా పుండుగానే మొదలైందా, అదే చోట ఇంతకుముందు వచ్చిందా, ఈమధ్య ఏ మాత్రలు మింగారు, ఇవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే సిగ్గుతో నోరు పెగలకపోయినా పని జరుగుతుంది. ఫోన్‌లో అడగాలనుకుంటే 1097, ఉచితం.

ఇక మీకు మా విన్నపం. సుఖవ్యాధులకు గ్యారంటీ చికిత్స, ఒక్క కోర్సుతో శాశ్వత నివారణ అనే ప్రకటనలు జిల్లా ఎడిషన్లలో ఇంకా వస్తూనే ఉన్నాయి. సిఫిలిస్‌తో సహా సుఖవ్యాధులకు మందు ఉందంటూ ప్రకటనలివ్వడాన్ని డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954లోనే నిషేధించింది. ఆ ప్రకటనను ప్రచురించడంలో పాలుపంచుకున్నవారికీ అది వర్తిస్తుంది. తనంతట తానే మానిపోయే పుండుకు గ్యారంటీ ఇవ్వడం ఎవరికైనా తేలికే. ఆ ప్రకటనలు ఆపండి. మీ ఆరోగ్య పేజీలో జననాంగం పుండు గురించి ప్రశ్న వచ్చిన ప్రతిసారీ, జవాబు ఏదైనా సరే, సిఫిలిస్, హెచ్‌ఐవి పరీక్షలు చేయించుకోవాలని, మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలని, 1097కు ఫోన్ చేయవచ్చని దాని కింద అచ్చువేయండి.

ఇట్లు,
సుఖవ్యాధుల విభాగాల్లో పనిచేసే కొందరు వైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు, కౌన్సెలర్లు